పాప నూగుమీసం, అమ్మ ఫెమినిజం

ఈ వారం ఉత్తరం ఒక అమ్మ రాసింది. పేరు, ఊరు వద్దన్నారు, సరే. చాలా పెద్ద ఉత్తరం కాబట్టి ముఖ్యమైనవి నా మాటల్లో చెప్తాను.

ఆవిడకి నలభై రెండేళ్ళు, ఉద్యోగం చేస్తున్నారు. కాలేజీ రోజుల్నుంచీ నేను ఫెమినిస్టుని అని ధైర్యంగా చెప్పుకునే మనిషి. ఇంట్లో ఎవరైనా "లావయ్యావేంటి, నల్లబడ్డావేంటి" అంటే అక్కడికక్కడే అడ్డుకునే రకం. కూతురికి పదమూడేళ్ళు. ఏడాదిగా పాప పై పెదవి మీద నూగు కాస్త ముదిరి కనిపిస్తోంది. క్లాసులో మగపిల్లలు "మీసాల మేడం" అని మొదలెట్టారు, తర్వాత ఎవడో పాప ఫొటోకి మెలితిప్పిన మీసాలు అంటించి స్టికర్ చేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో వదిలాడు, ఇప్పుడు ఎవరు ఏ జోకేసినా కింద ఆ స్టికరే పడుతోందట. పాప స్కూల్‌కి మాస్కు పెట్టుకుని వెళ్తోంది, అడిగితే జలుబంటోంది. "తీయించుకుంటానమ్మా" అంటే ఈవిడ వద్దన్నారు. ఒంటి మీద వెంట్రుకలుంటే తప్పేంటి, ఆడవాళ్ళని సిగ్గుపడేలా చేసి సరుకు అమ్ముకునే వ్యాపారం ఇదంతా, దానికి నువ్వెందుకు లొంగాలి అని గంటసేపు చెప్పారట. రెండ్రోజులకి పాప బాత్రూంలో తలుపేసుకుని నాన్న రేజర్‌తో గీసుకుంది, పెదవి పైన తెగింది. ఆ గొడవలో పాప ఒక మాటంది: "నువ్వు నెలనెలా తలకి రంగేసుకుంటావ్ కదా, అది లొంగడం కాదా?" అత్తగారేమో ఆడపిల్లకి మొహం మీద ఆ వెంట్రుకలేంటని పాప ఎదురుగానే అంటున్నారు. భర్త "అది మీ ఆడాళ్ళ విషయం" అని తప్పుకున్నారు. ఒప్పుకుంటే పదమూడేళ్ళకే పిల్లని ఆ మార్కెట్టుకి అప్పజెప్పినట్టేనా, ఒప్పుకోకపోతే నా సిద్ధాంతం కోసం పిల్లని బలిపెడుతున్నానా, ఇంతకీ నేను ఫెమినిస్టునేనా అని అడుగుతున్నారు.

ముందు ఆ గాటు సంగతి మాట్లాడదామండీ. మీ ఉత్తరంలో సిద్ధాంతం గురించి పేజీలకి పేజీలు ఉంది, పెదవి తెగడం గురించి ఒకే ఒక్క లైనుంది. పాప మీ మీద తిరగబడాలని రేజర్ పట్టుకోలేదు, మర్నాడు స్కూల్ ఉంది కాబట్టి పట్టుకుంది. మీరు వద్దన్నాక కూడా చేసింది, మళ్ళీ చేస్తుంది కూడా. కాబట్టి తీయించాలా వద్దా అనే దశ దాటిపోయింది, ఇక తేల్చుకోవాల్సింది అది మీకు తెలిసి జాగ్రత్తగా జరగాలా, తలుపు వెనకాల దొంగతనంగా జరగాలా అన్నదే.

ఇంకోటి, మీ ఇంట్లో రెండు వేరే వేరే సమస్యలు ఒకటైపోయి కూర్చున్నాయి. పెదవి మీద నూగు ఒకటి, ఆ స్టికర్ ఒకటి. మీ అత్తగారికీ మీకూ బద్ధవైరం అనుకుంటున్నారు గానీ ఇద్దరూ పాప మొహం గురించే వాదించుకుంటున్నారు, ఒకరు తీయమని, ఒకరు ఉంచమని, ఆ స్టికర్ చేసినవాడి జోలికి మాత్రం ఎవరూ పోలేదు. రేపు నున్నగా తీయించినా ఆ స్టికర్ అలాగే ఉంటుంది, పైగా "మీసం గీయించుకుందిరా" అని కొత్త జోకు పుట్టినా పుడుతుంది. ఈ మాట పాపకి ముందే చెప్పాలి. తీయించుకుంటే ఏడిపించడం ఆగుతుందని ఆశ పెట్టుకుని వెళ్ళి, ఆగకపోతే అప్పుడు ఇంకేదో లోపం వెతుక్కుంటుంది.

స్టికర్ విషయం స్కూల్ దాకా తీసుకెళ్ళొచ్చు. దానివల్ల ఏమవుతుందో కూడా చెప్తాను, ఎందుకంటే వెళ్ళగానే అంతా సర్దుకుంటుందని నేను అనను. కొన్నాళ్ళు "చాడీలు చెప్పింది" అనే పేరు వస్తుంది, ఒకరిద్దరు స్నేహితులు దూరంగా ఉండొచ్చు. వెళ్ళకపోతే ఇంకో ఏడాది ఆ స్టికర్ తిరుగుతూనే ఉంటుంది. అందుకే పాపని అడిగి, తను సరేనంటేనే వెళ్ళండి, తన చేతే స్క్రీన్‌షాట్లు తేదీ కనపడేలా తీయించి పెట్టుకోండి, క్లాస్ టీచర్‌ని విడిగా కలవండి. టీచర్‌ని మూడు విషయాలు స్పష్టంగా అడగండి, "స్టికర్ తీసేయించండి, ఆ పిల్లలతో విడివిడిగా మాట్లాడండి, క్లాసు అందరి ముందూ మా పాప పేరెత్తొద్దు" అని, ఈ మూడోది చాలామంది మర్చిపోతారు, ఆ తర్వాత అసెంబ్లీలో నీతి ఉపన్యాసం నడుస్తుంటే పిల్ల తల దించుకుని నిలబడాల్సొస్తుంది. ఈ పనికి మీవారు వెళ్తే మంచిది అంటాను నేను. ఆయన ఆడాళ్ళ విషయం అన్నారు కదా, మగపిల్లలు చేసిన పని ఆడాళ్ళ విషయం ఎలా అయిందో ఆయన్నే అడగండి. పైగా రోజూ మొహం మీద రేజర్ ఆడించే మనిషి ఇంట్లో ఆయనొక్కరే, బ్లేడు ఎలా పట్టుకోవాలో ఎటు గీయాలో ఆయనకి తెలిసినంత మీకూ నాకూ తెలీదు.

ఇక వెంట్రుకల సంగతి. ఈ వయసులో ఒంట్లో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరుగుతాయి, వాటిని మగ హార్మోన్లు అంటారు గానీ అవి ఆడపిల్లల్లోనూ ఉంటాయి, వాటివల్లే చంకల్లో, కింద వెంట్రుకలొస్తాయి, కొందరికి పెదవి మీద నూగు కూడా ముదురుతుంది. ఎవరికి ఎంత అన్నది ఎక్కువగా వంశాన్ని బట్టి ఉంటుంది. ఇందులో రోగమేం లేదు. కాకపోతే గడ్డం మీద, ఛాతీ మీద కూడా గట్టి వెంట్రుకలు వస్తున్నా, ఉన్నట్టుండి వేగంగా పెరుగుతున్నా, మొటిమలు విపరీతంగా ఉన్నా, పీరియడ్స్ మొదలై రెండు మూడేళ్ళు దాటినా నెలల తరబడి రాకపోతున్నా ఒకసారి డాక్టర్‌కి చూపించండి. పీసీఓఎస్ అని హార్మోన్ల తేడా వల్ల ఇలాంటి లక్షణాలు వచ్చే సమస్య ఒకటుంది, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళలో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది. మొదటి ఒకటి రెండేళ్ళు పీరియడ్స్ అటూ ఇటూ అవడం మామూలే, దానికి కంగారు పడి పిల్లని టెస్టుల చుట్టూ తిప్పొద్దు.

గీస్తే ఇంకా దట్టంగా వస్తాయి అని ఎవరో పాపని భయపెట్టారని రాశారు. రావు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ అనాటమీ పరిశోధకురాలు మగవాళ్ళ గడ్డాలు గీయించి, కొలిచి మరీ తేల్చింది, గీయడం వల్ల వేగమూ మారదు మందమూ మారదు. కొస తెగి మొద్దుగా ఉంటుంది కాబట్టి తడిమితే గరుగ్గా అనిపిస్తుంది, అంతే.

సరే, మీ అసలు బాధకి వద్దాం. ఇదంతా వ్యాపారం అని మీరు పాపకి చెప్పింది అబద్ధం కాదు. 1915లో అమెరికాలో జిల్లెట్ కంపెనీ ఆడవాళ్ళ కోసం మొదటి రేజర్ అమ్మింది, అప్పుడే చేతుల్లేని గౌన్లు ఫ్యాషన్‌లోకి వచ్చాయి, చంకలు బయటికి కనపడ్డాయి, అంతవరకూ ఎవరూ పట్టించుకోని వెంట్రుకలు ఇబ్బందికరమైన సమస్య అని ప్రకటనలు వచ్చాయి, పరిష్కారం కూడా వాళ్ళ దగ్గరే ఉంది మరి. రెండో ప్రపంచ యుద్ధంలో నైలాన్ అంతా పారాషూట్లకి పోయి అక్కడి ఆడవాళ్ళకి మేజోళ్ళు దొరక్కపోతే కాళ్ళు గీయడం ఇంకా పెరిగింది. ఇదంతా మీకు తెలిసే ఉంటుంది.

అంతకంటే ముఖ్యమైన ముక్క ఒకటుంది. 1920ల్లో అమెరికాలో ఆల్బర్ట్ గైజర్ అనే డాక్టరు ట్రైకో అనే ఎక్స్‌రే మెషిన్ తయారు చేసి బ్యూటీ పార్లర్లకి ఇచ్చాడు, దాని ముందు మొహం పెట్టి కూర్చుంటే నొప్పి లేకుండా వెంట్రుకలు రాలిపోతాయి. నిజంగానే రాలాయి. తర్వాత చర్మం ముడుచుకుపోయి, పుళ్ళు పడి, కొందరికి ఏళ్ళ తర్వాత క్యాన్సర్ వచ్చింది. 1930ల మొదట్లో కోరెమ్లు అనే క్రీము వచ్చింది, అందులో ఉన్నది థాలియం, ఎలకల మందులో వాడేది, రాసుకున్న ఆడవాళ్ళకి నరాలు దెబ్బతిని కాళ్ళు పడిపోయాయి, కొందరికి చూపు పోయింది. ఇలాంటి ఘోరాలన్నీ పోగై, 1938లో వచ్చిన చట్టంతో గానీ అక్కడ సౌందర్య సాధనాల మీద కేంద్ర ప్రభుత్వానికి అజమాయిషీ రాలేదు. ఇప్పుడు ఆ మెషిన్ ముందు కూర్చున్నవాళ్ళని తెలివితక్కువ వాళ్ళు, అందం పిచ్చోళ్ళు అందామా? మొహం మీద వెంట్రుకలతో బయటికెళ్తే ఉద్యోగం ఇవ్వరు, పక్కన కూర్చోరు, నవ్వుతారు, అది వాళ్ళ ఊహేం కాదు. బాత్రూంలో మీ పాప లెక్క కూడా అదే, స్కూల్లో పడే నవ్వుల కంటే గాటు నయం అనుకుంది.

లొంగకపోతే నష్టం నిజమే అనడానికి ఆన్ హాప్కిన్స్ కేసు చాలు. ప్రైస్ వాటర్‌హౌస్ అనే పెద్ద అకౌంటింగ్ సంస్థలో, అమెరికాలో, 1982లో పార్ట్‌నర్‌షిప్‌కి పోటీపడ్డ 88 మందిలో ఆవిడొక్కతే ఆడమనిషి, సంస్థకి పెద్ద కాంట్రాక్టు తెచ్చిపెట్టిన మనిషి. ఇవ్వలేదు. నడక, మాట, బట్ట ఇంకాస్త ఆడతనంగా ఉండాలి, మేకప్ వేసుకో, జుట్టు చేయించుకో, నగలు పెట్టుకో అని సలహా ఇచ్చారు. ఆవిడ కోర్టుకెళ్ళింది, 1989లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1990లో పార్ట్‌నర్‌షిప్ ఇవ్వండని జడ్జి ఆర్డర్ వేసేదాకా పోరాడింది. గెలిచింది నిజమే, కానీ ఆవిడకి నలభైల్లో వయసు, చదువు, అనుభవం, లాయర్లు, తను ఎంచుకున్న పోరాటం. మీరు పాపని చెయ్యమంటున్నది అదే పోరాటం, పదమూడేళ్ళకి, రోజుకి ఏడు పీరియడ్లు, లాయరు లేకుండా. పైగా అది పాప ఎంచుకున్నది కాదు, మీరు ఎంచి ఇచ్చింది.

ఇంకొకావిడ గురించి చెప్పాలి. 1968లో అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా పోటీ బయట ఆడవాళ్ళు నిరసన చేశారు, బ్రాలు, హైహీల్స్, పెట్టుడు కనురెప్ప వెంట్రుకలు ఒక చెత్తడబ్బాలో పడేశారు (బ్రాలు తగలబెట్టారనేది తర్వాత పుట్టిన కథ, అక్కడ ఏదీ కాలలేదు). ఆ నిరసన ఆలోచన పెట్టినవాళ్ళలో ఒకరు క్యారల్ హానిష్. ఆవిడే అది అయిపోయాక తమ పద్ధతిని తప్పుపడుతూ రాసింది, మన ప్లకార్డులు చూస్తే ఆ పోటీలో ఉన్న అమ్మాయిలే మన శత్రువులు అన్నట్టు ఉన్నాయి, నష్టపోయేది వాళ్ళూ మనమూ కూడా కదా అని. నాకు ఫెమినిజంలో బాగా నచ్చే విషయం ఇది, తప్పు ఎవరి మీద గురిపెట్టామో వెనక్కి తిరిగి చూసుకోవడం. మీ గంట ఉపన్యాసం గురి కూడా పాప మీదే పడింది. స్టికర్ చేసినవాడికి ఒక్క నిమిషం ఉపన్యాసం లేదు, ఏడిపించబడ్డ పిల్లకి గంట.

అలాగని రెండో కొసకి కూడా పోవద్దు. "తన ఒళ్ళు తన ఇష్టం, తీయించుకోవడమే స్వేచ్ఛ" అని కొందరు చెప్తారు, నాకు ఆ మాట మీద పెద్ద నమ్మకం లేదు. గ్రూపులో స్టికర్ తిరుగుతుంటే తీయించుకునే పిల్ల ఇష్టపడి చేస్తున్నట్టు కాదు, తప్పించుకుంటోంది. తప్పించుకోవడంలో సిగ్గేం లేదు, కానీ దాన్ని పండగ చెయ్యనక్కర్లేదు. మొదటిసారి పార్లర్ అని సెల్ఫీలు, "ఇప్పుడు ఎంత బావున్నావో" అని మురిసిపోవడాలు వద్దు. పాపకి అది ఇవాళ్టిదాకా నేను బాలేనన్న మాటలా వినిపిస్తుంది.

ఇక మీ ముందున్న దారులు.

వద్దు అనే మాట మీదే ఉండొచ్చు. అప్పుడు రేజర్ దాచాలి, దాచినా ఇంకోటి దొరుకుతుంది, పాప మీకు చెప్పకుండా చెయ్యడం నేర్చుకుంటుంది. ఇవాళ వెంట్రుకలు చెప్పదు, పదహారేళ్ళకి ఇంకేదో చెప్పదు. నాకు ఈ దారిలో లాభం కనపడట్లేదు. పాపే స్వయంగా "నేను తీయను, ఏం చేసుకుంటారో చేసుకోండి" అని ఉంటే కథ వేరు, అప్పుడు అత్తగారితో సహా అందరికీ ఎదురు నిలబడి కాయాల్సింది మీరే.

ఒప్పుకోవచ్చు, పద్ధతులన్నీ ముందు పెట్టి తననే ఎంచుకోమనొచ్చు. మొహానికని వచ్చే చిన్న ట్రిమ్మర్ లేదా ఫేస్ రేజర్ అన్నిట్లో తేలిక, నొప్పి లేదు, కాకపోతే కొన్ని రోజులకే మళ్ళీ కనపడతాయి. థ్రెడింగ్ అయితే రెండు నుంచి నాలుగు వారాలు ఆగుతుంది, కళ్ళమ్మట నీళ్ళొస్తాయి, ఎర్రబడుతుంది, కొందరికి చిన్న చిన్న పొక్కులొస్తాయి, కాబట్టి మొదటిసారి సెలవు ముందురోజు చేయిస్తే నయం. వాక్స్ కూడా అంతే ఆగుతుంది గానీ పెదవి పైన చర్మం పల్చన, కాలే ప్రమాదం ఉంది, మొటిమలకి రెటినాయిడ్ క్రీము వాడుతుంటే చర్మం ఊడొస్తుంది, అసలు వద్దు. వెంట్రుకలు తీసే క్రీము మొహానికని రాసి ఉన్నదే కొనాలి, ముందురోజు మోచేతి లోపల కాస్త రాసి చూడాలి. బ్లీచ్ వెంట్రుకని తియ్యదు, రంగు మారుస్తుంది, చామనఛాయ వాళ్ళకి ఆ పసుప్పచ్చ నూగు ఎండలో ఇంకా మెరుస్తుంది. లేజర్ గురించి అడిగారు, ఇప్పుడు వద్దు, హార్మోన్లు ఇంకా కుదురుకోలేదు, కొత్తవి వస్తూనే ఉంటాయి, డబ్బు దండగ, సరిగ్గా చెయ్యకపోతే మచ్చలు పడతాయి.

ఒప్పుకుంటూ రెండు మాటలు చెప్పండి. ఎప్పుడైనా మానెయ్యాలనిపిస్తే మానెయ్యొచ్చు, ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. తీయించుకున్నా, నెలలో కొన్ని రోజులు కనపడతాయి, ఆ రోజుల్లో కూడా స్కూల్‌కి మామూలుగానే వెళ్తాం. ఈ రెండోది చెప్పకపోతే వెంట్రుక కనపడ్డ ప్రతిసారీ మళ్ళీ మాస్కే.

ఇవాళ ఇది, రేపు తెల్లబడే క్రీము, ఎల్లుండి తిండి మానెయ్యడం అని మీ భయం. ఆ భయంలో అర్థం ఉంది. కాబట్టి గీత ఎక్కడ గీస్తారో ఇప్పుడే చెప్పండి, ఒంటికి హాని చేసేదేదీ ఈ ఇంట్లోకి రాదు అని. తెల్లబరిచే క్రీముల్లో పాదరసం, స్టెరాయిడ్లు దొరుకుతూనే ఉన్నాయి, పాదరసం ఉన్న సౌందర్య సాధనాల్ని ఆపాలని మినమాటా ఒప్పందం పేరుతో దేశాలు సంతకాలు చేసేదాకా వచ్చింది. తిండి మానెయ్యడం గురించి ఇక చెప్పక్కర్లేదు. నూగు తీసుకోవడం ఆ కోవలోది కాదు. అన్నిటికీ ఒకే గొంతుతో వద్దు అన్నారనుకోండి, నిజంగా ప్రమాదమైన దానికి వద్దన్నప్పుడు పాప వినదు.

అత్తగారితో వాదన పెట్టుకోకండి, గెలవరు. పాప ఎదురుగా మాత్రం మొహం గురించి మాట్లాడొద్దు, ఏదైనా ఉంటే నాతో చెప్పండి అని ఒక్కసారి గట్టిగా చెప్పండి, చాలు. మీరు ఒప్పుకున్నాక "నేను ముందే చెప్పానా" అంటారు, అననివ్వండి.

మిగిలింది మీ తల రంగు. పాప అడిగింది న్యాయమైన ప్రశ్న, మీరు రెండు రకాలుగా జవాబు చెప్పొచ్చు. ఒకటి నిజం చెప్పడం. మీ ఉత్తరంలోనే ఉంది, పాపిట తెల్లబడ్డ వారం మీటింగులో ఎవరో "ఈ మధ్య బాగా అలిసిపోయినట్టున్నారు" అన్నారని, మీ వయసే ఉన్న మగ సహోద్యోగి నెరిసిన గడ్డానికి "భలే హుందాగా ఉంది" అన్నారని. ఈ రెండు మాటలూ పాపకి యథాతథంగా చెప్పండి. అందుకే వేసుకుంటున్నాను, నాకు నచ్చి కొంత, భయపడి కొంత, అన్ని చోట్లా పోట్లాడే ఓపిక నాకు లేదు, జీతం విషయంలో పోట్లాడాను, జుట్టు విషయంలో వదిలేశాను అని చెప్పండి. అలా చెప్తే మీరు పాప కళ్ళలో కాస్త చిన్నవుతారేమోనని మీ జంకు, అవుతారు కూడా, కొన్ని రోజులు. కానీ ఆ గంట ఉపన్యాసం కంటే ఇది బాగా అర్థమవుతుంది, ఎందుకంటే తను స్కూల్లో చేస్తున్న లెక్కే అమ్మ ఆఫీసులో చేస్తోందని తెలుస్తుంది. అలా చెప్పినందుకు మీ ఫెమినిజం ఎక్కడికీ పోదు.

రెండోది, రంగు మానెయ్యడం. మానాలని మీకే ఉంటే మానండి, డై పడక దురదలు పెట్టేవాళ్ళకి ఎలాగూ అదే మంచిది. పాపతో వాదనలో నెగ్గడానికి మాత్రం మానకండి, ఆఫీసులో ఎవరైనా ఏదో అన్న రోజు ఆ చిరాకు పాప మీదకే పోతుంది. మానితే తెలుపు ఒక్కరోజులో రాదు, జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ఏడాది పైనే రెండు రంగుల తలతో తిరగాలి, లేదంటే పొట్టిగా కత్తిరించుకోవాలి. ఏది చేసినా వచ్చే నెల ఎప్పుడు రంగు వేసుకునేవారో ఆ తేదీ దాకా ఆగి, అప్పుడు ఆలోచించుకోండి. ఈ లోపు పాప పని చూడండి.